గ్యాస్ గోళీతో అల్సర్ మానుతుందా?

హైదరాబాద్‌లో ఏ బస్తీలోనైనా సాయంత్రం పూట మందుల షాపు ముందు కాసేపు నిలబడితే "అన్నా, గ్యాస్ గోళీ రెండియ్యి" అన్న మాట వినిపించి తీరుతుంది. ఎందుకని, ఎన్నాళ్ల నుంచని షాపతను అడగడు. కొనేవాళ్లూ చెప్పరు. అతను స్ట్రిప్పులోంచి కత్తెరతో రెండు గోళీలు కత్తిరించి, చిన్న కాగితపు కవర్లో వేసి ఇస్తాడు. ఆ ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది. ఎక్స్‌పైరీ తేదీ మిగతా స్ట్రిప్పుతో పాటు షాపులోనే ఉండిపోతుంది. ఇచ్చింది పాంటాప్రజోల్ కావచ్చు, దానికి డోంపెరిడోన్ కలిపింది కావచ్చు, రాబెప్రజోల్ కావచ్చు, రానిటిడిన్ కావచ్చు. కొన్నవాళ్లకు మాత్రం అన్నీ ఒకటే, మంట తగ్గించే గోళీ.

మంట తగ్గడం వేరు, కడుపులోని పుండు (అల్సర్) మానడం వేరు. ఈ తేడా తెలియక ఏళ్లకేళ్లు గోళీలతో నెట్టుకొచ్చి, ఒకరోజు రక్తపు వాంతితో గాంధీకో ఉస్మానియాకో చేరేవాళ్లు ఉన్నారు. అల్సర్‌కు వాడే మందులన్నీ ఒకే పని చేయవు. కొన్ని అప్పటికే తయారైన యాసిడ్‌ను విరిచేస్తాయి. కొన్ని యాసిడ్ తయారవకుండా ఆపుతాయి. ఒకటి పుండు మీద పొరలా అతుక్కుంటుంది. ఇంకొన్ని పుండుకు అసలు కారణమైన బ్యాక్టీరియాను చంపుతాయి. మీ చేతిలో ఉన్నది వీటిలో ఏ పని చేస్తుందో తెలిస్తే, దాన్ని ఎప్పుడు వేసుకోవాలో, ఎన్నాళ్లు వాడాలో, ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది.

పుండు ఎలా పడుతుంది

మన జీర్ణాశయంలో ఊరేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. జీర్ణాశయపు గోడలో ఉండే పరైటల్ కణాలు దాన్ని తయారుచేస్తాయి. రక్తంలో ఉన్నదానికంటే పది లక్షల రెట్లకు పైగా గాఢతతో ఆమ్లాన్ని బయటికి తోయగల కణాలివి. దీనికి తోడు మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మటన్ ముక్కను అరిగించే ఈ జంట జీర్ణాశయపు గోడను ఎందుకు అరిగించదంటే, ఆ గోడ మీద జిగట పొర ఒకటి ఎప్పుడూ పరుచుకుని ఉంటుంది. ఆ జిగటలో బైకార్బొనేట్ ఉంటుంది. లోపలికి చొరబడే యాసిడ్‌ను అది అక్కడికక్కడే విరిచేస్తుంది. ఈ పొరను తయారు చేయమని, గోడకు రక్తం సరిగా అందించమని చెప్పే రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్లు. వీటి పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చాలాసార్లు వస్తుంది.

ఈ రక్షణ దెబ్బతిన్న చోట యాసిడ్, పెప్సిన్ కలిసి గోడను తినడం మొదలుపెడతాయి. అలా పడిన పుండే అల్సర్. జీర్ణాశయంలో పడవచ్చు, చిన్నపేగు మొదట్లో పడవచ్చు. పల్లెల్లో పేగుపూత అనేది దీన్నే.

రక్షణ ఎందుకు దెబ్బతింటుంది? మిర్చి బజ్జీ, బిర్యానీ, ఆవకాయ, ఆఫీసు టెన్షన్ అని మన ఇళ్లలో చెప్పుకుంటాం. కారం, టెన్షన్ ఉన్న మంటను పెంచవచ్చు గానీ పుండు పడటానికి ప్రధాన కారణాలు అవి కావు. ప్రధాన కారణాలు రెండే. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. రెండోది డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు.

బ్యాక్టీరియా సంగతి బయటపడటానికి చాలా కాలం పట్టింది. యాసిడ్ లేకపోతే అల్సర్ లేదని కార్ల్ స్క్వార్జ్ అనే వైద్యుడు 1910లో చెప్పిన మాట డెబ్బై ఏళ్ల పాటు వైద్యాన్ని నడిపించింది. అంత యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకదని అందరూ నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పాథాలజిస్టు రాబిన్ వారెన్, యువ డాక్టరు బ్యారీ మార్షల్ కలిసి అల్సర్ రోగుల జీర్ణాశయపు ముక్కల్లో వంకర బ్యాక్టీరియాను చూశారు. 1982లో దాన్ని ప్రయోగశాలలో పెంచగలిగారు. అయినా ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని స్వయంగా తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి. ఎండోస్కోపీలో జీర్ణాశయం వాచి కనిపించింది, అక్కడ అదే బ్యాక్టీరియా దొరికింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. జీవితాంతపు జబ్బు అనుకున్న అల్సర్ రెండు వారాల యాంటీబయాటిక్స్‌తో పోయే జబ్బుగా మారడం ఆ పరిశోధన ఫలితమే. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందిలో ఈ బ్యాక్టీరియా ఉంటుంది. ఎక్కువ మందికి చిన్నతనంలోనే సోకుతుంది. అందరికీ పుండు పడదు, కొద్దిమందికే పడుతుంది.

యాసిడ్‌ను విరిచేవి, ఒక స్విచ్ ఆపేవి

జెలుసిల్, డైజీన్ లాంటివి యాంటాసిడ్లు. వీటిలో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం లవణాలు కడుపులో ఉన్న యాసిడ్‌తో కలిసి దాన్ని విరిచేస్తాయి. నిమిషాల్లో హాయినిస్తాయి, గంటా రెండు గంటల్లో ప్రభావం పోతుంది. అల్యూమినియంతో మలబద్ధకం, మెగ్నీషియంతో విరేచనాలు వస్తాయి కాబట్టి రెండూ కలిపి అమ్ముతారు. ఈనో లాంటి పొడుల్లో ఉండేది సోడియం బైకార్బొనేట్. యాసిడ్ తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పెద్ద త్రేన్పు వస్తుంది, గ్యాస్ పోయిందనిపిస్తుంది. నిజానికి ఆ గ్యాస్‌లో చాలా భాగం అప్పుడే పుట్టింది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు వాటిలోని సోడియం గురించి ఆలోచించాలి. యాంటాసిడ్లతో మంటకు తాత్కాలిక ఉపశమనం దొరుకుతుంది, పుండు మాన్పడానికి మాత్రం ఈ రోజుల్లో ఎవరూ వీటి మీద ఆధారపడరు.

తర్వాతివి యాసిడ్ తయారీనే తగ్గించే మందులు. ఇవి అర్థం కావాలంటే పరైటల్ కణంలో ఏం జరుగుతుందో తెలియాలి. ఇంటి మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు ఒకటే, దాన్ని వేయడానికి మూడు గదుల్లో మూడు స్విచ్‌లు ఉన్నాయనుకోండి. యాసిడ్ తయారీ కూడా అలాగే సాగుతుంది. మొదటి స్విచ్ ఎసిటైల్‌కోలిన్, మెదడు నుంచి వచ్చే వేగస్ నాడి వేసేది. బిర్యానీ వాసన తగలగానే నోట్లో నీళ్లూరినట్టే కడుపులో యాసిడ్ ఊరడం దాని పనే. రెండోది గ్యాస్ట్రిన్, తిండి కడుపులో పడ్డాక విడుదలయ్యే హార్మోన్. మూడోది హిస్టమిన్. మూడింట్లో ఏది వేసినా చివరికి తిరిగే మోటారు ఒకటే, పరైటల్ కణంలోని ప్రోటాన్ పంపు.

బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ బృందం హిస్టమిన్ స్విచ్‌ను ఆపే మందును తయారుచేసింది. అది సిమెటిడిన్. 1976లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. అంతవరకు ముదిరిన అల్సర్‌కు ఆపరేషన్ చేసి జీర్ణాశయంలో కొంత భాగం తీసేసేవారు, లేదంటే వేగస్ నాడిని కత్తిరించేవారు. ఈ మందుతో ఆ ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి. బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత రానిటిడిన్, ఫామోటిడిన్ వచ్చాయి. మిగతా రెండు స్విచ్‌లు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి వీటితో యాసిడ్ పూర్తిగా ఆగదు. పైగా రోజూ వాడితే కొద్ది రోజుల్లోనే శరీరం అలవాటుపడి ప్రభావం తగ్గుతుంది. రాత్రిపూట ఊరే యాసిడ్ మీద మాత్రం ఇవి బాగా పనిచేస్తాయి.

రానిటిడిన్ గురించి ఒక మాట చెప్పాలి. దశాబ్దాల పాటు మన ఇళ్లలో దొరికే మందు ఇది. 2019లో దీనిలో ఎన్‌డీఎంఏ అనే రసాయనం ఉన్నట్టు తేలింది. క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉన్న రసాయనమది. నిల్వ ఉంచేకొద్దీ, అందులోనూ వేడిలో ఉంచితే, అది పెరుగుతుందని గుర్తించి 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రానిటిడిన్‌ను మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశంలో 2022లో దాన్ని అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలోంచి తొలగించారు. జాబితాలోంచి తీసేయడం అంటే నిషేధించడం కాదు, అమ్మకాలు ఆగలేదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, ఏసీ లేని షాపుల్లో, కిటికీ పక్కన పెట్టిన మందుల డబ్బాల్లో ఈ మాత్రలు ఏ వేడిలో ఉంటున్నాయో ఆలోచిస్తే నాకైతే దీన్ని వాడాల్సిన అవసరం కనిపించదు. అదే పని చేసే ఫామోటిడిన్‌కు ఈ సమస్య లేదు. డాక్టర్ని అడిగి మార్పించుకోండి.

మోటారునే ఆపేవి

ఇక అసలు మందులు ఇవి. పేరు చివర 'ప్రజోల్' అని వచ్చేవన్నీ ఈ కుటుంబమే. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్, లాన్సోప్రజోల్. డాక్టర్లు వీటిని పీపీఐలు, అంటే ప్రోటాన్ పంపును ఆపేవి (ప్రోటాన్ పంప్ ఇన్‌హిబిటర్లు) అంటారు. మొదటిది ఒమెప్రజోల్, 1988లో మార్కెట్లోకి వచ్చింది. మన హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ వాళ్ల ఒమెజ్ ఎన్నో ఇళ్లలో మందు పేరు స్థానంలో వాడుకగా మారిపోయింది.

ఏ స్విచ్ వేసినా మోటారు తిరగకుండా చేస్తాయి కాబట్టి యాసిడ్ తగ్గించడంలో వీటికి సాటి వచ్చేవి చాలా ఏళ్లు లేవు. చిన్నపేగు అల్సర్ నాలుగు వారాల్లో, జీర్ణాశయపు అల్సర్ ఎనిమిది వారాల్లో ఎక్కువమందికి మానిపోతుంది. నిజానికి పుండును మందు మాన్పదు. యాసిడ్ తగలకుండా కొన్ని వారాలు గడిస్తే శరీరమే కొత్త కణాలతో ఆ చోటు పూడ్చుకుంటుంది. ఆ వ్యవధిని మందు ఇస్తుంది.

ఒమెప్రజోల్ క్యాప్సూల్‌ను ఒకసారి విప్పి చూడండి. లోపల పొడి ఉండదు, చిన్న చిన్న గుండ్రటి తెల్లని గుళికలు ఉంటాయి. ఒక్కో గుళిక చుట్టూ యాసిడ్‌లో కరగని పూత ఉంటుంది. పాంటాప్రజోల్ మాత్ర మీద ఉండే నున్నటి పసుపు పూత కూడా అలాంటిదే. ఎందుకంత జాగ్రత్త? ఈ మందు యాసిడ్‌లోనే చైతన్యం పొందుతుంది, కానీ సరైన చోట పొందాలి. జీర్ణాశయంలోనే యాసిడ్ తగిలితే అక్కడే పాడైపోతుంది. పూత దాన్ని చిన్నపేగు దాకా కాపాడుతుంది. అక్కడ కరిగి రక్తంలోకి వెళ్లి, రక్తం ద్వారా తిరిగి పరైటల్ కణానికి చేరుతుంది. అంటే మింగిన మందు జీర్ణాశయాన్ని దాటిపోయి, వెనుక వైపు నుంచి మళ్లీ అక్కడికే వస్తుందన్నమాట. పరైటల్ కణం యాసిడ్ వదిలే సన్నని కాలువల్లో అది చిక్కుకుని, అక్కడి ఆమ్లంతో రూపం మార్చుకుని, పంపుకు అతుక్కుపోతుంది. ఒకసారి అతుక్కుంటే ఇక విడవదు. ఆ పంపు పనికిరాకుండా పోయినట్టే. శరీరం కొత్త పంపు తయారు చేసుకోవాలి. అందుకే మందు రక్తంలో కొన్ని గంటలకు మించి నిలవకపోయినా ప్రభావం రోజంతా ఉంటుంది. ఈ మాత్రలను నూరి, నమిలి, సగానికి విరిచి వేసుకోకూడదని చెప్పేది కూడా ఈ పూత కోసమే. మింగలేని పెద్దవాళ్లుంటే డాక్టరుతో చెప్పండి, వాళ్లకు తగిన రూపంలో మందు రాసిస్తారు.

ఈ పనితీరులో మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునే విషయం ఒకటుంది. మందు తిరుగుతున్న పంపులకే అతుక్కుంటుంది, ఊరకే ఉన్నవాటికి కాదు. పంపులు బాగా తిరిగేది తిండి పడ్డాక. కాబట్టి తిండికి అరగంట నుంచి గంట ముందు మందు వేసుకుంటే, అది రక్తంలో ఎక్కువగా ఉన్న సమయానికి పంపులు తిరగడం మొదలవుతుంది. పొద్దున్నే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అయ్యాక, టిఫిన్ కూడా ముగించి, అప్పుడు గుర్తొచ్చి గోళీ మింగితే డబ్బు ఖర్చవుతుంది గానీ పని సగమే జరుగుతుంది. లేచి ముఖం కడుక్కోగానే పరగడుపున వేసుకోవడం మేలు. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు సహరీకి అరగంట ముందు లేచి వేసుకోవచ్చు. లేదా నీళ్లతో రోజా విడిచేటప్పుడు గోళీ వేసుకుని, మగ్రిబ్ నమాజ్ తర్వాత భోజనానికి కూర్చోవచ్చు. పుండు పచ్చిగా ఉన్నప్పుడు అసలు ఉపవాసం ఉండవచ్చా లేదా అన్నది మాత్రం ముందే డాక్టర్ని అడగాలి.

మొదటి రోజు గోళీ పంపులన్నిటినీ ఆపలేదు. రోజూ కొన్ని కొన్ని ఆగుతూ, పూర్తి ప్రభావం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మంట వచ్చినప్పుడు రెండు గోళీలు కొని వేసుకునే పద్ధతి ఈ మందుకు అస్సలు నప్పదు. అప్పటికప్పుడు హాయి కావాలంటే అది యాంటాసిడ్ పని. పుండు మానాలంటే పీపీఐని రోజూ, చెప్పినన్ని వారాలు వాడాలి. మంట పోయిందని వారానికే ఆపేస్తే పుండు సగంలో ఉండిపోతుంది.

ఇప్పుడు వోనోప్రజాన్ అనే కొత్త మందు కూడా వచ్చింది. 2014లో జపాన్‌లో అనుమతి పొందింది. ఇదీ ప్రోటాన్ పంపునే ఆపుతుంది కానీ అతుక్కుపోయే పద్ధతిలో కాదు. పంపుకు పొటాషియం అందే చోటును అడ్డుకుంటుంది. దీనికి యాసిడ్‌తో చైతన్యం అవసరం లేదు, తిండికి ముందే వేసుకోవాలన్న నియమమూ లేదు, మొదటి రోజు నుంచే గట్టిగా పనిచేస్తుంది.

ఇక పక్కన చేరే డోంపెరిడోన్ సంగతి. మన దగ్గర పాంటాప్రజోల్ ఒక్కటే ఇవ్వడం కంటే డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ ఇవ్వడం ఎక్కువ. డోంపెరిడోన్ పని వికారం, వాంతులు తగ్గించడం, కడుపు త్వరగా ఖాళీ అయ్యేలా చేయడం. పుండు మాన్పడంలో దానికి పాత్ర లేదు. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని 2014లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని తక్కువ మోతాదులో, మామూలుగా వారానికి మించకుండా వాడమంది. మన దగ్గర నెలల తరబడి మింగేవాళ్లు ఎందరో. ముఖ్యంగా గుండె జబ్బున్న పెద్దవాళ్లు ఈ జోడింపు తమకు అవసరమా అని డాక్టర్ని అడిగి తీరాలి.

పుండును కప్పేది, పొరను పెంచేది

గులాబీ రంగు సిరప్ సీసా చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అది సుక్రాల్‌ఫేట్, చక్కెర అణువుకు సల్ఫేట్, అల్యూమినియం జోడించి చేసిన పదార్థం. యాసిడ్ తగలగానే జిగురులా మారుతుంది. పుండు పడ్డ చోట బయటపడిన మాంసకృత్తులకు అతుక్కుని పొరలా నిలుస్తుంది. కాబట్టి తిండికి గంట ముందు, ఖాళీ కడుపున తాగాలి. తిన్నాక తాగితే పుండుకు బదులు తిండికి అతుక్కుంటుంది. అదే జిగురు థైరాయిడ్ మాత్రను, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌ను కూడా పట్టేసుకుంటుంది. వాటికీ దీనికీ మధ్య కనీసం రెండు గంటలైనా ఎడం ఉండాలి. రక్తంలోకి దాదాపుగా వెళ్లదు కనుక దుష్ఫలితాలు తక్కువ, మలబద్ధకం ముఖ్యమైనది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాత్రం అల్యూమినియం పేరుకునే ప్రమాదం ఉంది.

మిసోప్రోస్టాల్ అనేది ప్రోస్టాగ్లాండిన్‌కు నకలు. నొప్పి మందుల వల్ల తగ్గిన ప్రోస్టాగ్లాండిన్‌ను ఇది భర్తీ చేస్తుంది. విరేచనాలు ఎక్కువ. గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది కాబట్టి గర్భిణులు అల్సర్ కోసం దీన్ని తాకకూడదు. అల్సర్ వైద్యంలో ఇప్పుడు దీని వాడకం చాలా తక్కువ.

బ్యాక్టీరియా ఉంటే

యాసిడ్ మందులతో పుండు మానిపోయినా, హెలికోబ్యాక్టర్‌ను వదిలేస్తే సగానికి పైగా మందిలో ఏడాదిలోపే చిన్నపేగు అల్సర్ తిరగబెడుతుంది. ఏళ్ల తరబడి గోళీలు మానలేకపోతున్నామనే వాళ్లలో కొందరి కథ ఇదే. అందువల్ల అల్సర్ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ ఈ బ్యాక్టీరియా పరీక్ష జరగాలి. ఎండోస్కోపీ చేసినప్పుడు చిన్న ముక్క తీసి చూడవచ్చు. మల పరీక్షతో తెలుసుకోవచ్చు. యూరియా బ్రెత్ టెస్ట్ ఉంది, చాలా తేలికైనది. ఈ బ్యాక్టీరియా యాసిడ్‌లో బతకడానికి యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారు చేసుకుని, తన చుట్టూ ఉన్న యాసిడ్‌ను విరిచేస్తుంది. గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగించి, కాసేపటికి మీ శ్వాసలో ఆ కార్బన్ కనిపిస్తే బ్యాక్టీరియా ఉన్నట్టే. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి పీపీఐ, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్, బిస్మత్ అనే మందు ఆపాలి. లేదంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపిస్తుంది.

దీన్ని చంపడం ఒక్క యాంటీబయాటిక్ వల్ల కాదు. జిగట పొర లోపల దాక్కుంటుంది, యాసిడ్‌లో మందులు పాడవుతాయి, త్వరగా నిరోధకత పెంచుకుంటుంది. అందుకే పీపీఐతో పాటు క్లారిత్రోమైసిన్, అమోక్సిసిలిన్ కలిపిన మూడు మందుల కిట్ చాలాకాలం వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు. ఇందులో పీపీఐ ఎందుకంటే పుండు కోసం మాత్రమే కాదు. యాసిడ్ తగ్గితే ఆ బ్యాక్టీరియా విభజన చెందడం మొదలుపెడుతుంది. అమోక్సిసిలిన్ లాంటివి విభజన చెందే బ్యాక్టీరియానే చంపగలవు. పైగా యాసిడ్ లేకపోతే క్లారిత్రోమైసిన్ చెడిపోకుండా ఉంటుంది.

ఈ మూడు మందుల కిట్ మునుపటిలా పనిచేయడం లేదు. కారణం మన అలవాట్లలోనే ఉంది. గొంతు నొప్పి అనగానే చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొంటాం. అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఒకే కుటుంబం. ఒకదానికి అలవాటుపడిన బ్యాక్టీరియా రెండోదానికీ లొంగదు. విరేచనాలు అనగానే మెట్రోనిడజోల్ వేసుకుంటాం, దానికీ నిరోధకత మన దేశంలో బాగా ఎక్కువ. ఏ జబ్బుకో వాడిన మందు ఏళ్ల తర్వాత కడుపులోని పుండు దగ్గర అక్కరకు రాకుండా పోతుంది.

అందుకని ఇప్పుడు నాలుగు మందుల వైద్యానికి ప్రాధాన్యం పెరిగింది. పీపీఐ, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, పద్నాలుగు రోజులు. బిస్మత్ ఒక లోహపు లవణం, బ్యాక్టీరియా గోడను దెబ్బతీస్తుంది, పుండు మీద పొరలా కూడా నిలుస్తుంది. మెట్రోనిడజోల్ ఒక్కటీ విఫలమయ్యే చోట కూడా పూర్తి మోతాదులో, బిస్మత్ తోడుంటే ఫలితం బాగుంటుంది. టెట్రాసైక్లిన్‌కు ఈ బ్యాక్టీరియా నిరోధకత అరుదు. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ కనుగొని 1948లో ప్రకటించినది. ఆ పరిశోధన విభాగాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు గుర్తుచేసుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది.

ఈ పద్నాలుగు రోజులు తేలిక కాదు. నోరు చేదుగా ఉంటుంది, వికారం వస్తుంది, మాత్రలు లెక్కకు మించి ఉంటాయి. బిస్మత్ వల్ల నాలుక, మలం నల్లబడతాయి, భయపడనక్కర్లేదు. మెట్రోనిడజోల్ ఉన్నన్నాళ్లూ మద్యం తాగకూడదు. టెట్రాసైక్లిన్‌ను పాలతో వేసుకోకూడదు, పాలలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వరు. పదో రోజున కాస్త బాగుందని ఆపేస్తే బతికిన బ్యాక్టీరియా మరింత మొండిదవుతుంది. కోర్సు అయిపోయిన నాలుగు వారాలకు మళ్లీ బ్రెత్ టెస్ట్ లేదా మల పరీక్ష చేయించి, పోయిందని నిర్ధారించుకోవాలి. ఈ చివరి మెట్టును ఎక్కువమంది వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం వైద్యంలో ఎక్కువగా నిర్లక్ష్యం అయ్యేది ఇదే.

నొప్పి మందులు వాడేవాళ్లకు

డైక్లోఫెనాక్ మాత్ర కడుపులో గీరుకుని పుండు చేస్తుందనుకుంటారు చాలామంది. అందుకే భోజనం చేశాక వేసుకుంటే చాలనో, మాత్ర బదులు ఇంజెక్షన్ అయితే ఏం కాదనో నమ్మకం. అసలు దెబ్బ రక్తం ద్వారా పడుతుంది. ఈ మందులు నొప్పి తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం ద్వారానే. 1971లో జాన్ వేన్ ఈ సంగతి కనుగొన్నాడు, 1982లో నోబెల్ అందుకున్నాడు. మోకాలిలో నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్‌తో పాటు కడుపులో జిగట పొరను నిలిపే ప్రోస్టాగ్లాండిన్ కూడా తగ్గిపోతుంది. ఇంజెక్షన్ ఇచ్చినా అంతే. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి ఈ గోళీలు వేసుకునే అమ్మమ్మలు, తాతయ్యలే నొప్పి లేకుండా ఒక్కసారిగా రక్తస్రావంతో ఆస్పత్రికి వస్తారు. నొప్పి మందు నొప్పిని అణచి ఉంచుతుంది కనుక పుండు ఉన్న సంగతే తెలియదు.

వీలైతే పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి. తప్పనిసరి అయితే తక్కువ మోతాదు, తక్కువ రోజులు, అరవై ఐదు దాటినవాళ్లకు లేదా ఇంతకు ముందు అల్సర్ వచ్చినవాళ్లకు పీపీఐ తోడుగా ఉండాలి. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు కడుపు మంటకు భయపడి సొంతంగా ఆపేయకూడదు, గుండెపోటు ముప్పు పెరుగుతుంది. స్టెంట్ వేసి, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లకు ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ నప్పవు. క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే రూపంలోకి మార్చే కాలేయపు ఎంజైమ్‌ను అవి అడ్డుకుంటాయి. వీళ్లకు మామూలుగా పాంటాప్రజోల్ రాస్తారు. కాబట్టి షాపులో ఏ ప్రజోల్ ఇచ్చినా ఒకటేనని అనుకోవడం వీళ్ల విషయంలో ప్రమాదం.

ఆపడం ఎందుకు కష్టం

పీపీఐలు మొత్తం మీద సురక్షితమైన మందులు. భయపెట్టే వీడియోలు చూసి, అవసరమున్నవాళ్లు కూడా మానేయడం పొరపాటు. అయితే అవసరం లేకుండా ఏళ్లకేళ్లు వాడితే బీ12, మెగ్నీషియం తగ్గడం, పేగు ఇన్ఫెక్షన్లు, ఎముకలు విరిగే ముప్పు కొంత పెరగడం లాంటివి ఉన్నాయి. శాకాహారులకు బీ12 ముందే తక్కువగా ఉండవచ్చు, వాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

ఆపగానే మంట విజృంభించడంతో "ఈ గోళీ లేకపోతే బతకలేను" అనుకుంటారు. యాసిడ్ తగ్గిందని శరీరం గ్యాస్ట్రిన్‌ను పెంచుకుంటూ పోతుంది. మందు ఆపగానే పెరిగిన గ్యాస్ట్రిన్ అంతా పంపులను ఒక్కసారిగా తిప్పుతుంది. డెన్మార్క్‌లో పరిశోధకులు కడుపు జబ్బు ఏమీ లేని 120 మందితో ప్రయోగం చేసి 2009లో ప్రచురించారు. సగం మందికి ఎనిమిది వారాలు ఇసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. మందు వాడినవాళ్లలో 44 శాతం మందికి ఆపాక యాసిడ్ లక్షణాలు వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 15 శాతం మందికే. అంటే ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా మందు ఆపడమే మంట తెప్పించింది. ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. డాక్టరు సలహాతో సగం మోతాదు ఉన్న మాత్రకు మారి, తర్వాత రోజు విడిచి రోజు, మధ్యలో మంట వస్తే యాంటాసిడ్, ఇలా దిగడం మంచిది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

యాభై దాటాక కొత్తగా మొదలైన కడుపు నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టం కావడం, రక్తహీనత, ఆగని వాంతులు ఉంటే గోళీలతో కాలయాపన వద్దు, ఎండోస్కోపీ చేయించుకోవాలి. జీర్ణాశయపు క్యాన్సర్ కొన్నిసార్లు అల్సర్‌లాగే కనిపిస్తుంది, పీపీఐతో మంట తగ్గి కొన్నాళ్లు మభ్యపెడుతుంది కూడా. జీర్ణాశయంలో పుండు ఉన్నవాళ్లకు ఎనిమిది వారాల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేయమనేది దీనికోసమే. ఛాతీ మధ్యలో బరువుగా, చెమటలతో, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే గ్యాస్ అని ఈనో తాగి పడుకోవద్దు. ముందు ఈసీజీ తీయించుకోవాలి.

తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనం అయినా, కాఫీ డికాక్షన్ రంగులో గానీ ఎర్రగా గానీ వాంతి అయినా, పొట్ట ఒక్కసారిగా చెక్కలా బిగుసుకుపోయి భరించలేని నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఐరన్ మాత్రలు, బిస్మత్ కూడా మలాన్ని నల్లబరుస్తాయి కాబట్టి అవి వాడుతున్నారేమో డాక్టరుకు చెప్పాలి.

రక్తం కారుతున్న అల్సర్‌కు ఎండోస్కోపీ ద్వారా క్లిప్ వేసో, వేడితో మాడ్చో రక్తనాళాన్ని మూసేస్తారు. ఆ తర్వాత అదే పాంటాప్రజోల్‌ను మూడు రోజుల పాటు సెలైన్‌తో నరంలోకి పంపుతారు. ఇక్కడ మందు పని మంట తగ్గించడం కాదు. యాసిడ్‌లో రక్తం సరిగా గడ్డకట్టదు, కట్టిన గడ్డను పెప్సిన్ కరిగించేస్తుంది. కడుపులో యాసిడ్ దాదాపు లేకుండా చేస్తే ఆ గడ్డ నిలబడుతుంది. మళ్లీ రక్తం కారే ముప్పు ఎక్కువగా ఉండేది ఈ మొదటి మూడు రోజుల్లోనే. మనిషి లేచి కూర్చుని బాగానే మాట్లాడుతున్నాడు కదా అని రెండో రోజే డిశ్చార్జ్ కోసం డాక్టర్ని ఒత్తిడి చేయకండి.